రెండంగుళాలు పెంచితే పైకి లేచేది ఒకటే

పల్లెటూరి బండిబాటను ఒకసారి గుర్తు చేసుకోండి. రెండు పక్కలా చక్రాలు తొలిచిన చాళ్లు, మధ్యలో గడ్డి మొలిచిన గట్టు. వానాకాలం వచ్చేసరికి చాళ్లు ఇంకాస్త లోతయ్యేవి, గట్టు మాత్రం అలాగే ఉండేది. అయినా ఎడ్లబండి దాటుకుపోయేదంటే కారణం ఆ ఛాతీ ఎత్తు చక్రం. ఇరుసు చక్రానికి నడిమధ్యన ఉంటుంది కనక, చక్రం ఎంత పెద్దదైతే ఇరుసు నేలకు అంత ఎడంగా పోతుంది. ఇవాళ థార్ జీపుకి లిఫ్ట్ కిట్ (స్ప్రింగుల దగ్గర బండిని ఎత్తు చేసే సామాను) వేయించి పెద్ద టైర్లు తొడిగించే కుర్రాడు వేసుకునే లెక్కా ఇదే. కాకపోతే ఎడ్లబండికి స్పీడోమీటర్ లేదు, గేర్లు లేవు, ఆర్‌సీ లేదు.

2020లో వచ్చిన మహీంద్రా థార్‌నే తీసుకుందాం. 18 అంగుళాల చక్రాలున్న రకానికి కంపెనీ టైరు 255/65 ఆర్18. ఇందులో 255 టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతమని, అంటే 165.75 మి.మీ. రిమ్ము 18 అంగుళాలు, 457.2 మి.మీ. పైన ఒక గోడ, కింద ఒక గోడ కలుపుకుంటే టైరు మొత్తం ఎత్తు 788.7 మి.మీ., అంటే 31 అంగుళాలు. ఆఫ్‌రోడ్ వాళ్లు ముచ్చటపడే ‘ముప్పై మూడు’ కావాలంటే అదే రిమ్ముకి 275/70 ఆర్18 సరిపోతుంది. దాని ఎత్తు 842.2 మి.మీ.

తేడా 53.5 మి.మీ., రెండంగుళాల పైమాటే. కానీ ఇరుసు కిందికి చేరేది అందులో సగం, దాదాపు 27 మి.మీ. మిగతా సగం ఇరుసుకు పైన, మడ్‌గార్డ్ వైపు పెరుగుతుంది. కంపెనీ చెప్పే 226 మి.మీ. గ్రౌండ్ క్లియరెన్స్ కాగితం మీద 253 అవుతుంది. బండి బరువుకు టైరు కాస్త అణుగుతుంది కాబట్టి నేల మీద కొలిస్తే కొంచెం అటూ ఇటూ ఉంటుంది. ఏకంగా 35 అంగుళాలకు వెళ్తే లాభం 50 మి.మీ.

మరి లిఫ్ట్ చేసే పనేంటి? చాలామంది తడబడేది ఇక్కడే. స్ప్రింగుల దగ్గర రెండంగుళాలు లేపితే లేచేది ఛాసీ, బాడీ. థార్ వెనక వైపున్నది ఒకే దూలంలాంటి ఇరుసు. దాని నడుమ ఉబ్బెత్తుగా ఉండే డిఫరెన్షియలే (రెండు పక్కల చక్రాలకూ బలం పంచే గేర్ల గుత్తి) రాళ్లకు ముందుగా తగిలేది. ఎన్ని అంగుళాల లిఫ్ట్ వేయించినా అది ఉన్నచోటే ఉంటుంది. దాన్ని లేపగలిగేది టైరొక్కటే. ముందు వైపు కథ వేరు. అక్కడ సస్పెన్షన్ ఏ చక్రానికి ఆ చక్రంగా ఉంటుంది, డిఫరెన్షియల్ ఛాసీకి బిగించి ఉంటుంది కనక లిఫ్ట్‌తో పాటు అదీ లేస్తుంది. కానీ అక్కణ్నుంచి చక్రాలకు వెళ్లే షాఫ్టులు ఏటవాలుగా కిందికి వంగి, వాటి కీళ్ల మీద భారం పడుతుంది. అందుకే లిఫ్ట్ ఎత్తు కోసం కాదు, టైరులో పైకి పెరిగిన సగానికి చోటు కోసం అనుకుంటే సగం గందరగోళం తీరిపోతుంది.

ఆ చోటు సరిపోయిందా లేదా అన్నది బండి సమతలం మీద నిలబడి ఉండగా తెలియదు. షోరూం ముందు నాలుగు వేళ్లు దూరే సందు, రాయి ఎక్కినప్పుడు మాయమైపోతుంది. ఒక ముందు చక్రాన్ని దిమ్మె మీదికెక్కించి, స్టీరింగ్‌ను ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తిప్పి, టైరు బంపర్ మూలకు, లోపలి ప్లాస్టిక్ తొడుగుకు, సస్పెన్షన్ చేతులకు ఎక్కడైనా రాస్తోందేమో చూడాలి. కొత్త టైరు 20 మి.మీ. వెడల్పు ఎక్కువని కూడా మర్చిపోకూడదు. లోపల తగులుతోందని రిమ్మును బయటికి జరిపితే, స్టీరింగ్ తిప్పినప్పుడు అదే టైరు ఇంకా పెద్ద వృత్తం గీసి బంపర్‌కు తగులుతుంది.

ఇక అసలు ఖరీదు గేర్ల దగ్గర. సైకిల్ గొలుసును వెనక చిన్న పళ్లచక్రం మీదికి మారిస్తే ఎత్తు ఎక్కేటప్పుడు తొడలు పట్టేస్తాయి కదా, పెద్ద టైరు చేసేదీ అదే. చక్రాన్ని తిప్పే టార్క్‌ను టైరు వ్యాసార్ధంతో భాగిస్తే నేలను నెట్టే బలం వస్తుంది. వ్యాసార్ధం 394 నుంచి 421 మి.మీ.కి పెరిగింది కనక అదే గేరులో, అదే యాక్సిలరేటర్‌కు, నెట్టే బలం 6.4 శాతం తగ్గుతుంది. 35 అంగుళాల టైరుకైతే 11.3 శాతం. బ్రేకుదీ ఇదే లెక్క. పెడల్‌ను అంతే నొక్కితే ఆపే బలం అంతే శాతం తక్కువ.

బరువు ఇంకా కిలాడీ. టైరు బరువు 18 కిలోల నుంచి 27 కిలోలైందనుకోండి. బరువు ఒకటిన్నర రెట్లే, కానీ అది ఇరుసుకు మరింత దూరంగా తిరుగుతోంది. దాన్ని తిప్పడానికీ ఆపడానికీ పడే శ్రమ, ఎత్తు వర్గాన్ని కూడా కలిపి గుణిస్తే, 1.7 రెట్లు. టైరు కొనే ముందు షాపులోనే కాటా మీద పెట్టించి చూడమంటాను. ఎత్తు అడిగేవాళ్లే కానీ బరువు అడిగేవాళ్లు కనిపించరు.

కంపెనీవాళ్లే ఈ పని చేసినప్పుడు ఏం చేశారో చూస్తే సంగతి అర్థమవుతుంది. అమెరికాలో జీప్ రాంగ్లర్ రూబికాన్ ఫ్యాక్టరీ నుంచి 33 అంగుళాల టైర్లతో, 4.10 ఇరుసు నిష్పత్తితో వస్తుంది. అంటే షాఫ్టు 4.10 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు. 2021లో దానికే 35 అంగుళాల టైర్లతో ఎక్స్‌ట్రీమ్ రీకాన్ అనే ప్యాకేజీ తెచ్చారు. నిష్పత్తిని 4.56కి మార్చారు, సస్పెన్షన్‌ను అంగుళంన్నర లేపారు, స్టెప్నీ మోసే వెనక తలుపు కీళ్లను గట్టిపరిచారు. టైరు ఎత్తు పెరిగింది 6 శాతం, గేరు పెంచింది 11 శాతం. ఎత్తును సరిచేసి ఊరుకోకుండా బరువుకూ మరికాస్త కలిపారని నేననుకుంటాను. మన దగ్గర టైర్లు మార్చినవాళ్లలో ఇరుసు గేర్ల జోలికి వెళ్లేవాళ్లు అరుదు.

మీటరు అబద్ధం గురించి క్లుప్తంగా. మీటరు లెక్కపెట్టేది చుట్లను, దూరాన్ని కాదు. పాత టైరు కిలోమీటరుకు 404 చుట్లు తిరిగితే కొత్తది 378 చుట్లే. మీటరు అంతకుముందు కచ్చితంగా ఉందనుకుంటే, హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద ముల్లు 115 దగ్గర ఉన్నప్పుడు అసలు వేగం 122.8. పరిమితి 120. కొత్త బండ్ల మీటర్లు సాధారణంగా కాస్త ఎక్కువే చూపిస్తాయి కనక ఆ తేడా కొంత కలిసొస్తుంది, కెమెరా మాత్రం అసలు వేగమే చూస్తుంది. ఇందులో ఒక ఊరట కూడా ఉంది. పెద్ద టైర్లేశాక మైలేజీ ఘోరంగా పడిపోయిందని ఏడ్చేవాళ్లు ముందు కిలోమీటర్లను 1.068తో గుణించాలి. పడిపోయిన మాట నిజమే, అంత ఘోరంగా కాదు.

ఎత్తు పెరిగితే పక్కకు ఒరిగే భయమూ పెరుగుతుంది. కుడి ఎడమ చక్రాల మధ్య దూరాన్ని గురుత్వ కేంద్రం ఎత్తుకు రెట్టింపుతో భాగించి చూడటం పద్ధతి. 1,500 మి.మీ. దూరం, 750 మి.మీ. ఎత్తు అనుకుంటే 1.0 వస్తుంది. లిఫ్ట్‌తోనూ టైరుతోనూ కలిపి ఎత్తు 75 మి.మీ. పెరిగితే 0.91. అరకు ఘాట్ మలుపుల్లో ఆ తొమ్మిది శాతం తేడా తెలుస్తుంది.

ఇసుకలోనో తడిసిన రేగడిలోనో దిగబడటమే మీ బాధైతే, ఎత్తు టైరు కన్నా మెత్తని టైరు ఎక్కువ సాయం చేస్తుంది. గాలి తగ్గిస్తే టైరు నేల మీద పొడుగ్గా పరుచుకుంటుంది, అలా పరుచుకోడానికి పక్కగోడ కావాలి. థార్‌కే 16 అంగుళాల రిమ్ముతో 245/75 ఆర్16 కూడా వచ్చింది. దాని మొత్తం ఎత్తు 773.9 మి.మీ., 18 అంగుళాల దానికన్నా తక్కువ. పక్కగోడ మాత్రం 183.75, అంటే 18 మి.మీ. ఎక్కువ. నన్నడిగితే చాలామందికి కావలసింది ఈ చిన్న రిమ్మే. చూపులకు పెద్ద రిమ్ము బాగుంటుంది, అది వేరే సంగతి. రోడ్డెక్కే ముందు గాలి మళ్లీ నింపుకోవాలి.

చట్టం ఏమంటుందో కూడా చెప్పుకోవాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ కింద, అలా మార్చిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. కిట్ అమ్మేవాళ్లు ఈ ముక్క చెప్పరు.

చివరిగా స్టెప్నీ. నాలుగు కొత్త టైర్లకే డబ్బయిపోయి, వెనక తలుపుకు పాతదే వేలాడుతూ ఉంటుంది. పంక్చరై దాన్ని వెనక ఒక పక్కకు వేశారనుకోండి. అటు కిలోమీటరుకు 404 చుట్లు, ఇటు 378. ఆ 26 చుట్ల తేడాను డిఫరెన్షియల్ తన మీద వేసుకుంటుంది, టూ వీల్ డ్రైవ్‌లో కొద్ది దూరానికి ఫరవాలేదు. ఫోర్ వీల్ వేసి ఉంటే థార్‌లో ముందు వెనక షాఫ్టులు రెండూ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. వెనక ఇరుసు ముందుదానికన్నా ఆ తేడాలో సగం, 13 చుట్లు, ఎక్కువ తిరగాలి కనక అవి ఎక్కడో ఒకచోట జారి తీరాలి. బురదలో టైరు జారుతుంది. తారురోడ్డు మీద టైరు జారదు, గేరు పళ్లు మూలుగుతాయి. కాబట్టి టైర్ల షాపులో బేరం మొదలుపెట్టేటప్పుడే ఐదింటికి ధర అడగండి.