పెదవికీ మాటకీ మధ్య

పెద్ద టీవీ కొంటారు. దాని కింద సౌండ్‌బార్ పెడతారు. వెనకాల పోర్టులో స్ట్రీమింగ్ బాక్సో, వేలెడంత స్టిక్కో గుచ్చుతారు. పిల్లలు అమెరికాలో ఉంటే పైన ఒక కెమెరా కూడా బిగిస్తారు, హాల్లో కూర్చునే అందరూ మాట్లాడుకోవచ్చని. విడివిడిగా చూస్తే అన్నీ మంచి సరుకే. కలిపాక మాత్రం హీరో నోరు మూసిన తర్వాత డైలాగు వినిపిస్తుంది. వీడియో కాల్‌లో అవతలి నుంచి కూతురు "అమ్మా, నా మాటలు నాకే వినబడుతున్నాయే" అంటుంది. ఇంటిల్లిపాదీ కలిసి నెట్‌ని తిడతారు.

నిజానికి నెట్ మందగిస్తే బొమ్మ మసకబారుతుంది, లేదంటే ఆగిపోయి తెర మీద చక్రం తిరుగుతుంది. మాటనీ పెదవినీ విడదీయడం సాధారణంగా దానివల్ల జరగదు. ఇంటర్నెట్‌లో సినిమా మన ఇంటికి వచ్చేటప్పుడు బొమ్మలు వేరుగా, శబ్దం వేరుగా చిన్న చిన్న పొట్లాలుగా వస్తాయి. ప్రతి పొట్లం మీదా దాన్ని ఏ క్షణాన బయటికి వదలాలో రాసి ఉంటుంది. డిజిటల్ టీవీకి ఆధారమైన ఎంపెగ్ పద్ధతిలో ఈ గడియారం సెకనుకు 90,000 సార్లు కొట్టుకుంటుంది. బాక్సు ఆ సమయాలు చూసుకుని రెంటినీ ఒకేసారి వదులుతుంది. చిక్కంతా బాక్సు దాటాకే.

అక్కడి నుంచి బొమ్మకి పని ఎక్కువ. టీవీ దాని రంగులు సర్దుతుంది, చిన్నదాన్ని పెద్దది చేస్తుంది, కదలికలు నునుపుగా కనిపించడానికి రెండు ఫ్రేముల మధ్య తానే కొత్త ఫ్రేములు కల్పిస్తుంది. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు, అంటే ఒక్కోటీ 42 మిల్లీసెకన్లు ఉంటుంది. తర్వాతి ఫ్రేము చేతికి వస్తేగానీ మధ్య ఫ్రేము కల్పించడం కుదరదు కాబట్టి ఆ మేరకు ఆలస్యం తప్పదు. అన్నీ కలిపి 100 మిల్లీసెకన్ల దాకా పోవచ్చు. టీవీ సొంత స్పీకర్లయితే ఇబ్బంది లేదు. తన ఆలస్యం తనకి తెలుసు గనక శబ్దాన్నీ అంతసేపు ఆపుతుంది. శబ్దం బాక్సు నుంచి నేరుగా సౌండ్‌బార్‌కి వెళ్ళిందా, టీవీ ఎంత ఆలస్యం చేస్తోందో దానికి తెలిసే దారి ఉండకపోవచ్చు. అప్పుడు మాట ముందొస్తుంది, పెదవి తర్వాత కదులుతుంది.

అదే స్పీకరు బ్లూటూత్ మీద ఉంటే వ్యవహారం తిరగబడుతుంది. శబ్దాన్ని కుదించి, గాలిలో పంపి, అవతల మళ్ళీ విప్పి, తెగిపోకుండా కొంత నిల్వ చేసుకుని వినిపించేసరికి మామూలు బ్లూటూత్‌కి 150 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. ఈసారి మాట వెనకబడుతుంది.

ఈ రెండు తప్పుల్లో ఒకదాన్ని మనం ఎక్కువ క్షమిస్తాం. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం 1998లో ఇచ్చిన సిఫారసు ప్రకారం శబ్దం 45 మిల్లీసెకన్లు ముందొస్తేనే మనిషి పసిగట్టేస్తాడు; వెనకబడితే మాత్రం 125 మిల్లీసెకన్ల దాకా గుర్తించడు. కారణం మన అలవాటులోనే ఉంది. శబ్దం గాలిలో సెకనుకు 343 మీటర్లే నడుస్తుంది. చెరువు అవతలి గట్టున, 200 మీటర్ల దూరంలో ఎవరైనా బండ మీద బట్ట ఉతుకుతుంటే దెబ్బ కనిపించిన అర సెకనుకు పైగా గడిచాక చప్పుడు వినిపిస్తుంది. చూపు ముందు, చప్పుడు వెనక: ఇది పుట్టినప్పటి నుంచీ మన మెదడుకి తెలిసిన లోకం. చప్పుడు ముందు రావడం మాత్రం ప్రకృతిలో ఎక్కడా లేదు.

వైరుతో కలిపేవాళ్ళకి దారి ఉంది. 2002 డిసెంబరులో వచ్చిన హెచ్‌డీఎంఐ వైరులో 19 పిన్నులు ఉంటాయి. బొమ్మా శబ్దమూ బాక్సు నుంచి టీవీకి వెళ్ళడానికే మొదట దాన్ని తయారుచేశారు. టీవీ నుంచి శబ్దం అదే వైరులో వెనక్కి, సౌండ్‌బార్‌కి వచ్చే ఏర్పాటు 2009లో ఆర్క్ పేరుతో చేరింది. దాని మెరుగైన రూపం ఈఆర్క్, 2017 చివర్లో వెలువడిన హెచ్‌డీఎంఐ 2.1తో పాటు వచ్చింది. ఈఆర్క్‌లో సెకనుకు 37 మెగాబిట్ల దాకా శబ్దం పోతుంది గనక కుదించని బహుళ చానెళ్ళ శబ్దానికి చోటుంటుంది. నా మటుకు అంతకన్నా విలువైన గుణం ఇంకొకటి: పెదవినీ మాటనీ సరిచేసే ఏర్పాటు ఆర్క్‌లో ఐచ్ఛికం, ఈఆర్క్‌లో తప్పనిసరి. ప్రకటనల్లో దీని ఊసే ఉండదు, ఎంతసేపూ థియేటర్ అనుభూతి అనే మాటే.

అదే కేబుల్లో 13వ పిన్ను మీద మరో చిన్న సంభాషణ నడుస్తుంటుంది. దాని పేరు సీఈసీ. ఒక్క రిమోట్ నొక్కితే టీవీ, బాక్సు, సౌండ్‌బార్ మూడూ మేలుకోవడం దాని పుణ్యమే. సోనీ దాన్ని బ్రావియా సింక్ అంటుంది, శామ్‌సంగ్ ఎనీనెట్ ప్లస్ అంటుంది, ఎల్‌జీ సింప్‌లింక్ అంటుంది. దాని వేగం సెకనుకు 400 బిట్ల పైచిలుకు మాత్రమే. సినిమా ఆపగానే టీవీ తనంతట తనే ఇంకో ఇన్‌పుట్‌కి దూకడం, అర్ధరాత్రి దానంతటదే వెలగడం ఈ గొడవలే కావచ్చు; దెయ్యమేమీ లేదు. రెండు పరికరాలు పోట్లాడుకుంటుంటే ఒకదానిలో సీఈసీ ఆపేస్తే సరిపోతుంది.

బ్లూటూత్‌తోనో వైఫైతోనో నడవక తప్పనివాళ్ళకి యాపిల్ ఒక చక్కని ఉపాయం పెట్టింది. వాళ్ళ టీవీ బాక్సు కొన్ని ధ్వనులు వినిపిస్తుంది, దగ్గర పట్టుకున్న ఐఫోన్ మైకు అవి ఎంత ఆలస్యంగా వచ్చాయో కొలిచి చెబుతుంది, బాక్సు బొమ్మని అంతసేపు ఆపుతుంది. మిగతావాళ్ళు టీవీ సెట్టింగ్స్‌లో ఆడియో డిలే దగ్గర సర్దుబాటు చెవితో చేసుకోవాలి. అయితే ఆడియో డిలే పెంచితే శబ్దం ఇంకా వెనక్కి పోతుందే తప్ప ముందుకి రాదు. బ్లూటూత్‌లో వెనకబడిన మాటని దాంతో లాక్కురాలేం.

ఇక కెమెరా. టెలిఫోన్‌లో ముఖం చూపించాలని ఏటీ అండ్ టీ 1964లోనే న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో పిక్చర్‌ఫోన్ పెట్టింది. 1970లో పిట్స్‌బర్గ్‌లో సర్వీసు మొదలుపెడితే నెలకు 160 డాలర్లు ఇచ్చి దాన్ని పెట్టుకునేవాళ్ళు పెద్దగా దొరకలేదు. టీవీలోకి స్కైప్ తెస్తామని ఎల్‌జీ, పానసోనిక్ 2010లో ప్రకటించాయి. 2016లో టీవీల్లో స్కైప్ ఆగిపోయింది, 2025 మేలో స్కైప్ సంగతే ముగిసిపోయింది. ఒక్క యాప్‌ని నమ్ముకుని టీవీ నుదుటి మీద అతికించిన కెమెరా, ఆ యాప్ పోగానే అలంకారంగా మిగిలింది. యూఎస్‌బీ కెమెరానో, 2023 నుంచి యాపిల్ బాక్సు ఒప్పుకుంటున్నట్టు ఫోన్‌నే కెమెరాగానో వాడుకోవడం మేలు.

కెమెరా టీవీ పైనే ఎందుకుండాలంటే దానికీ లెక్క ఉంది. అవతలివాళ్ళు మన కళ్ళలోకి చూస్తున్నట్టు అనిపించడం మీద స్టాన్‌ఫర్డ్‌లో మిల్టన్ చెన్ చేసిన పరిశోధన 2002లో వచ్చింది. చూపు కెమెరాకి పక్కకో పైకో ఒక్క డిగ్రీ తప్పినా పట్టేస్తాం. కిందికి 5 డిగ్రీల దాకా తప్పినా కళ్ళలోకి చూస్తున్నట్టే అనిపిస్తుంది. మూడు మీటర్ల దూరంలో 5 డిగ్రీలంటే 26 సెంటీమీటర్లు. 55 అంగుళాల టీవీ ఎత్తు 68 సెంటీమీటర్లు గనక, కెమెరా పైన ఉండి అమ్మాయి కళ్ళు తెర పై మూడోవంతులో కనిపిస్తే చాలు, చూపులు కలుస్తాయి. చేతిలో ఫోన్ పట్టుకుని 40 సెంటీమీటర్ల దూరం నుంచి తెర మధ్యలోకి చూసేటప్పుడు ఆ కోణం దాదాపు 10 డిగ్రీలు. అంటే ఫోన్ కంటే టీవీయే నయం! కెమెరాని టీవీ స్టాండు మీద కింద పెట్టినవాళ్ళకి మాత్రం ఈ లాభం దక్కదు, పైగా అవతలివాళ్ళకి ముక్కుపుటాలే కనిపిస్తాయి.

చూపుకి దూరం మేలు చేసింది, మాటకి మాత్రం కీడు చేస్తుంది. అర మీటరు నుంచి మూడు మీటర్లకి జరిగితే మైకుకి నేరుగా అందే ధ్వని తీవ్రత 36వ వంతుకి పడిపోతుంది. మన హాళ్ళలో కింద టైల్సు, గోడలు నున్నని సిమెంటు, నెత్తిన ఫ్యాను. ఆ పడిపోయిన మాట మీద గోడల మారుమోత వచ్చి పడుతుంది. అందుకే మంచి కెమెరాల్లో రెండు మూడు మైకులు పెడతారు. 10 సెంటీమీటర్ల ఎడంలో ఉన్న రెండు మైకులకి ఒక పక్క నుంచి వచ్చిన మాట గరిష్ఠంగా 0.3 మిల్లీసెకన్ల తేడాతో చేరుతుంది. ఆ కాస్త తేడా ఆధారంగా మాట్లాడే మనిషి వైపు ధ్వనిని పెంచి, మిగతా దిక్కులు తగ్గిస్తారు.

అసలు కష్టం ప్రతిధ్వని. కూతురి గొంతు మన సౌండ్‌బార్‌లోంచి వచ్చి, హాలంతా తిరిగి, మన మైకులో దూరి మళ్ళీ ఆమెకే చేరుతుంది. కాబట్టి మీ గొంతు మీకు వినబడుతుంటే దోషం అవతలి ఇంట్లో ఉంది. మీ హాలు చేసే అల్లరి వాళ్ళకే తెలుస్తుంది. ఈ సమస్య ఉపగ్రహాలతో పెద్దదైంది. 36,000 కిలోమీటర్ల ఎత్తుకి మాట వెళ్ళి దిగడానికి పావు సెకను, దాని ప్రతిధ్వని తిరిగి రావడానికి మరో పావు. బెల్ ల్యాబ్స్‌లో జాన్ కెల్లీ, బెన్ లోగన్, మన్‌మోహన్ సోంధీ దీని మీద పనిచేశారు. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చదివి అమెరికా వెళ్ళిన సోంధీ 1967లో ప్రచురించిన పరిశోధనా పత్రం ఈ రంగానికి పునాదిరాళ్ళలో ఒకటి.

వాళ్ళ ఆలోచన ఇది. స్పీకరుకి ఏ శబ్దం పంపామో యంత్రానికి తెలుసు. అది గదిలో ఎలా మారి మైకుకి చేరుతుందో ఒక అంచనా వేస్తుంది, మైకులో వచ్చిన దాంట్లోంచి ఆ అంచనాని తీసేస్తుంది, ఇంకా మిగిలిన ప్రతిధ్వనిని చూసి అంచనాని సవరించుకుంటుంది, ఇలా ఆగకుండా. సెకనుకు 16,000 నమూనాల చొప్పున, 200 మిల్లీసెకన్ల మారుమోతని తీసేయాలంటే అంచనా ఒక్కదానికే సెకనుకు 5 కోట్ల గుణకారాలు దాటతాయి. నేటి చిప్పులు దగ్గరిదారులు వెతుక్కుని ఇది అలవోకగా చేస్తాయి. అయితే రెండు షరతులున్నాయి. ఏ శబ్దం పంపిందో అది తెలిసి ఉండాలి. అది ఎంత ఆలస్యంగా వస్తుందో నిలకడగా ఉండాలి.

విడివిడి పరికరాలు కలిపిన ఇళ్ళలో సరిగ్గా ఈ రెండే చెడతాయి. కాల్ ఒక బాక్సు మీద నడుస్తూ, క్రికెట్ ఇంకో బాక్సు మీద మోగుతుంటే కాల్ బాక్సుకి ఆ కామెంటరీ సంగతే తెలియదు, తీసేయలేదు. అది అమెరికా దాకా వెళుతుంది. బ్లూటూత్ స్పీకరుకి దాని గడియారం దానిది. పది లక్షలకి 50 వంతుల చిన్న తేడా ఉన్నా పది నిమిషాల్లో 30 మిల్లీసెకన్లవుతుంది. స్పీకరు దాన్ని ఎప్పటికప్పుడు సర్దుకుంటూ పోతుంటే ఇటు అంచనా తప్పుతుంటుంది. సౌండ్‌బార్‌లోని సరౌండ్ గిమ్మిక్కులూ, పగిలేంత వాల్యూమూ ఇలాగే అంచనాకి అందవు. కాల్ వచ్చినప్పుడు అవి తగ్గించండి.

కాల్ ఆలస్యంలో దూరానికీ వాటా ఉంది. హైదరాబాద్ నుంచి డాలస్‌కి సుమారు 14,000 కిలోమీటర్లు. గాజు తీగలో కాంతి సెకనుకు 2 లక్షల కిలోమీటర్లే నడుస్తుంది గనక తిన్నని దారి వేసినా 70 మిల్లీసెకన్లు పడుతుంది. ఒకవైపు 150 మిల్లీసెకన్లు దాటకపోతే సంభాషణ సాఫీగా సాగుతుందని అంతర్జాతీయ ప్రమాణం. ఖర్చుపెట్టుకోవడానికి మిగిలింది 80 మాత్రమే. అందులోంచే కెమెరా, బాక్సు, వైఫై, టీవీ వాటాలు తీసుకుంటాయి. ఒక్క బ్లూటూత్ స్పీకరు పెడితే అంతా అదే తినేస్తుంది.

కెమెరాతో ఇంకో జాగ్రత్త కూడా ఉంది. మూత ఉన్నదే కొనండి, పని లేనప్పుడు మూయండి. నెట్‌కి తగిలించిన కెమెరాల పాస్‌వర్డు మార్చడం మరువకండి. 2016 అక్టోబరు 21న అమెరికాలో అనేక పెద్ద వెబ్‌సైట్లని స్తంభింపజేసిన మిరాయ్ అనే హానికర ప్రోగ్రాము దాడి, ఫ్యాక్టరీ పాస్‌వర్డు మార్చని కెమెరాల, రికార్డర్ల మీదుగానే నడిచింది.

బాక్సు టీవీకి, టీవీ నుంచి ఈఆర్క్ వైరుతో సౌండ్‌బార్‌కి, కెమెరా కాల్ నడిచే బాక్సుకే: నేను చెప్పగలిగిన వరస ఇదే. సౌండ్‌బార్ కొనబోయే ముందు ఒకసారి టీవీ వెనక్కి వెళ్ళి చూడండి. ఆర్క్ అనో ఈఆర్క్ అనో రాసి ఉన్న పోర్టు మామూలుగా ఒక్కటే ఉంటుంది. చాలా ఇళ్ళలో దాంట్లో సెట్‌టాప్ బాక్సు గుచ్చి ఉంటుంది.