65 గీతలకు ఇన్ని పరీక్షలెందుకు?

అమెరికాలో కరెంటు బిల్లు కవరైనా, బ్యాంకు స్టేట్‌మెంటైనా, ఎన్నికల ముందు ఓటరు ఇంటికి వచ్చే బ్యాలెట్ కవరైనా చిరునామా దగ్గర సాధారణంగా పొట్టి పొడుగు గీతల వరస ఒకటి ఉంటుంది. టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటున్న మనవాళ్ల పోస్టు డబ్బాల్లోకీ రోజూ ఇలాంటి కవర్లే వస్తుంటాయి. ఆ వరసను అచ్చువేయడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. ఒక ఫాంటు, ఒక ప్రింటరు చాలు. మరి అమెరికా తపాలా సంస్థ యూఎస్‌పీఎస్ ఆ గీతలు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌కూ, అచ్చువేసే ప్రింటర్లకూ పరీక్షలు పెట్టి ధ్రువీకరణ ఇవ్వడం ఎందుకు? అచ్చయిన గీతను చూసి బాగుందో లేదో కంటితో చెప్పలేమా?

చెప్పలేం. కారణాలు తెలియాలంటే ముందు డబ్బు సంగతి చూడాలి.

ఆ గీతల వరస, అంటే బార్‌కోడ్, లేని ఉత్తరం వస్తే తపాలా యంత్రం చిరునామాను ఫొటో తీసి, అక్షరాలు చదివి, తానే గీతలు వేసుకోవాలి. చదవలేకపోతే ఆ ఫొటో దూరంగా ఉన్న కేంద్రానికి వెళ్తుంది. అక్కడ మనుషులు తెర మీద చూసి టైపు చేస్తారు. అలాంటి కేంద్రాలు ఒకప్పుడు 55 ఉండేవి, 2013 నాటికి రెండే మిగిలాయి. పంపేవారే సరైన బార్‌కోడ్ వేసి తెస్తే ఈ శ్రమంతా తప్పుతుంది. అలా మిగిలిన ఖర్చులో కొంత తపాలా సంస్థ వాళ్లకు రాయితీగా తిరిగి ఇస్తుంది. కవరుకు కొన్ని సెంట్లే. కానీ లక్షల్లో బిల్లులు పంపే సంస్థకు అది పెద్ద మొత్తం. రాయితీ తీసుకున్నాక ఆ గీతలు యంత్రానికి అందకపోతే తపాలా సంస్థ రెండు రకాలుగా నష్టపోతుంది: డబ్బూ వదులుకోవాలి, పనీ తానే చేసుకోవాలి.

ఇంకో నష్టం ఉత్తరం అందుకోవాల్సినవాడిది. సార్టింగ్ యంత్రం గంటకు 30,000కు పైగా ఉత్తరాలు వేరుచేస్తుంది. సెకనుకు ఎనిమిది, పది కవర్లు దాటిపోతుంటే ఆగి ఆలోచించే వ్యవధి ఉండదు. చదవలేని కవరు పక్క అరలో పడుతుంది, ఎవరో ఒకరు చూస్తారు. తప్పుగా చదివిన కవరు మాత్రం వేరే ఊరికి నిశ్చింతగా ప్రయాణం కడుతుంది. అందులో ఉన్నది మందుల చీటీ కావచ్చు, ఓటు కావచ్చు. అందుకే ఈ గీతల వెనక అసలు జాగ్రత్త అంతా చదవలేకపోయినా ఫర్వాలేదు, తప్పు చదవకూడదు అన్నదాని మీదే ఉంది.

ఆ జాగ్రత్తను గీతల్లోనే ఎలా పెట్టారు?

1963లో మన పిన్‌కోడ్ లాంటి జిప్ కోడ్ వచ్చింది, 1983లో దానికి మరో నాలుగు అంకెలు చేరాయి. వాటిని యంత్రం కోసం రాసిన పాత పద్ధతి పేరు పోస్ట్‌నెట్. ఒక్కో అంకెకు ఐదు గీతలు. వాటిలో రెండు పొడుగు, మూడు పొట్టి. ఐదు చోట్లలో రెంటిని ఎంచుకోవడానికి సరిగ్గా పది మార్గాలు ఉంటాయి, అంకెలూ పదే. ఎంత పొందికగా కుదిరిందో చూడండి. సిరా చెరిగి ఒక పొడుగు గీత పొట్టిదిగా కనిపిస్తే ఆ అంకెలో ఒకే పొడుగు గీత మిగులుతుంది, ఇక్కడ తేడా ఉందని యంత్రానికి వెంటనే తెలిసిపోతుంది. చివర్లో ఒక సరిచూపు అంకె కూడా ఉంటుంది. ఇర్వింగ్‌లోని 75038 తీసుకుందాం. అంకెల మొత్తం 23. దాన్ని పదుల్లోకి తేవాలంటే 7 కావాలి, అదే చివర చేరుతుంది. ఇప్పుడు మధ్యలోని 3 చెరిగిపోయిందనుకోండి. మిగతావన్నీ కూడితే 27. కాబట్టి పోయింది 3 అని యంత్రం తానే పూరించుకుంటుంది. మన స్పీడ్ పోస్ట్ రశీదు మీది 13 అక్షరాల నంబరులోనూ ఇలాంటి అంకె ఉంది. ‘ఐఎన్’కు ముందున్న చివరి అంకె, దాని ముందున్న ఎనిమిది అంకెల నుంచి లెక్కగట్టి వచ్చిందే.

2013 జనవరి 28 నుంచి రాయితీ ధరలకు పోస్ట్‌నెట్ చెల్లదన్నారు. దాని స్థానంలోకి ఇంటెలిజెంట్ మెయిల్ బార్‌కోడ్ వచ్చింది. ఇందులో 65 గీతలు. ఒక్కో గీత నాలుగు రూపాల్లో ఒకటిగా ఉంటుంది: నిలువెల్లా ఉన్నది, పైకి మాత్రమే లేచినది, కిందికి మాత్రమే దిగినది, నడుమ ముక్క మాత్రమే ఉన్నది. వీటిలో 31 అంకెల దాకా ఇమడ్చవచ్చు. ఏ సేవ, పంపింది ఎవరు, వరస సంఖ్య ఎంత, చేరాల్సిన గుమ్మం ఏది, అన్నీ వాటిలోనే.

ఈ 65 గీతల అమరిక నాకు ఎంతో ఇష్టమైన లెక్క. ప్రతి గీతకూ పై సగం, కింది సగం ఉన్నాయి కాబట్టి మొత్తం 130 చోట్లు. వాటిని 13 చొప్పున పది గుంపులు చేశారు. ఒక్కో గుంపులో నిండిన చోట్ల సంఖ్య 2, 5, 8, 11లలో ఏదో ఒకటే కావాలి. ఒక్క చోటు చెరిగినా, ఒక్క చోట సిరా ఎక్కువ పడినా ఆ లెక్క చెడి, గుంపు తప్పని బయటపడుతుంది. పైగా ఒకే గుంపులోని చోట్లు పక్కపక్కన ఉండవు, బార్‌కోడ్ పొడవునా చెదరగొట్టి ఉంటాయి. అందువల్ల ఒకచోట మరక పడితే ఆ దెబ్బ ఒకే గుంపు మీద పడకుండా పంచుకుపోతుంది. వీటన్నిటి పైన 11 బిట్ల సరిచూపు మరొకటి ఉంది.

ఇంత పకడ్బందీగా ఉంటే ప్రింటర్లకు పరీక్ష దేనికి?

తప్పులు మూడు వేర్వేరు చోట్ల పుడతాయి కనుక. చిరునామా తప్పు కావచ్చు. చిరునామా సరైనదై దాన్ని గీతలుగా మార్చిన లెక్క తప్పు కావచ్చు. రెండూ సరైనవై అచ్చు చెడవచ్చు. ఒక పరీక్షలో నెగ్గడం మరో దానికి సాక్ష్యం కాదు.

మొదటి పరీక్షను కాస్ అంటారు. టెన్నెసీలోని మెంఫిస్‌లో ఉన్న తపాలా సంస్థ నేషనల్ కస్టమర్ సపోర్ట్ సెంటర్ దీన్ని నడుపుతుంది. చిరునామాల సాఫ్ట్‌వేర్‌కు ముందు జవాబులతో కలిపి ఒక అభ్యాస ఫైలు ఇస్తారు. తర్వాత జవాబులు లేని అసలు ఫైలు ఇస్తారు. వీధి పేరు తప్పుగా రాసినవి, అపార్ట్‌మెంట్ నంబరు లేనివి, దిక్కు మారిపోయినవి, ఇలా నిజజీవితంలో మనుషులు ఎలా రాస్తారో అలాంటి చిరునామాలు అందులో ఉంటాయి. తొమ్మిదంకెల జిప్ కనుక్కోవడంలో కనీసం 98.5 శాతం సరిగ్గా రావాలి. ఉత్తరాల మీది చిరునామాను తామే చదివి గీతలు వేసే ప్రైవేటు సార్టింగ్ కంపెనీల యంత్రాలకు మాస్ అనే మరో పరీక్ష ఉంది.

రెండోది లెక్క. ఇది మూడింటిలోకీ తేలిక. ఇచ్చిన అంకెలకు ఏ గీతల వరస రావాలో ముందే నిర్ణయమై ఉంటుంది. సాఫ్ట్‌వేర్ నాలుగు రకాల అక్షరాలతో 65 అక్షరాల మాట ఒకటి ఇస్తుంది, దాన్ని అక్షరం అక్షరం సరిపోల్చితే చాలు. కాగితమే అక్కర్లేదు. ఇందులో ‘దాదాపు సరే’ అన్న మాట లేదు. ఒక్క అక్షరం తేడా వస్తే మొత్తం తప్పే.

మూడోది సిరా, కాగితం, యంత్రం. కష్టమంతా ఇక్కడే. నమూనాలు అచ్చువేసి పంపితే వాటిని పరికరాలతో కొలుస్తారు. గీత వెడల్పు 0.015 నుంచి 0.025 అంగుళం లోపు ఉండాలి. అంగుళానికి 20 నుంచి 24 గీతలు పడాలి. వంపు 5 డిగ్రీలు దాటకూడదు. గీతలకు ఎడమా కుడీ 0.125 అంగుళం, పైనా కిందా 0.028 అంగుళం ఖాళీ వదలాలి.

అంగుళానికి 203 చుక్కలు వేసే సాధారణ థర్మల్ ప్రింటరును చూద్దాం. గీతకు నాలుగు చుక్కలు వేస్తే వెడల్పు 0.0197 అంగుళం, చక్కగా సరిపోతుంది. గీత నుంచి గీతకు తొమ్మిది చుక్కలు వదిలితే అంగుళానికి 22.6 గీతలు, అదీ సరే. కానీ సాఫ్ట్‌వేర్ అంగుళానికి కచ్చితంగా 22 గీతలు అడిగిందనుకోండి. అప్పుడు 9.23 చుక్కల దూరం కావాలి. ప్రింటరు చుక్కను ముక్కలు చేయలేదు. కొన్నిచోట్ల తొమ్మిది, కొన్నిచోట్ల పది వేస్తుంది. సగటు బాగానే ఉంటుంది, గీతల నడక మాత్రం తడబడుతుంది. ఎవరైనా పేజీ సరిపోలేదని సైజు కాస్త తగ్గించే బటన్ నొక్కారా, నాలుగు చుక్కల గీతలు కొన్ని మూడుకు పడిపోతాయి. మూడు చుక్కలంటే 0.0148 అంగుళం. హద్దు కంటే వెంట్రుకవాసి తక్కువ, కంటికి ఏ తేడా తెలియదు. సాఫ్ట్‌వేర్‌నూ ప్రింటరునూ విడివిడిగా మెచ్చుకుంటే సరిపోదని, రెండూ కలిసి వేసిన గీతనే కొలవాలని అనడం ఇందుకే.

రంగు విషయం కూడా ఇంతే. కాగితానికీ సిరాకూ మధ్య వెలుతురు తిప్పికొట్టడంలో కనీసం 30 శాతం తేడా ఉండాలి. ఎర్రటి వెలుగులోనూ, ఆకుపచ్చ వెలుగులోనూ ఉండాలి. తెల్ల కాగితం మీద ఎర్ర సిరా మనకు స్పష్టంగా కనిపిస్తుంది, ఎర్ర వెలుగులో చూసే యంత్రానికి అక్కడ ఏమీ లేనట్టే. ముదురు గోధుమరంగు కవర్ల మీద నల్ల సిరా కూడా ఒక్కోసారి చాలదు. కిటికీ కవర్లలో ఇంకో చిక్కు. లోపలి కాగితం ఎటు జారినా గీతలకూ కిటికీ అంచుకూ మధ్య పక్కల 1/8 అంగుళం ఖాళీ మిగలాలి. కవరును బల్ల మీద ఎడమకూ కుడికీ కిందికీ తట్టి చూసే పరీక్ష ఇందుకోసమే.

ధ్రువీకరణ వచ్చాక ఇక నిశ్చింతేనా?

కాదు. మన ఊళ్లో తూనికలు కొలతల శాఖ వాళ్లు కాటాకు ముద్ర వేస్తారు. కాటా సరైనదని ఆ ముద్ర చెబుతుంది, రేపటి తూకానికి పూచీ పడదు. ప్రింటరు ధ్రువీకరణ కూడా అంతవరకే. థర్మల్ హెడ్‌లో ఒక చుక్క కాలిపోతే, లేబుల్ కదిలే దిశను బట్టి, ఒక సన్నటి తెల్లగీత గీతలన్నిటినీ ఒకే ఎత్తులో కోసుకుపోవచ్చు. నాసి రిబ్బన్, తరిగిపోయిన టోనరు, నునుపు కాగితం మీద ఆరని సిరా, వీటిలో ఏదీ సర్టిఫికెట్‌లో కనిపించదు. అందుకే పెద్ద మొత్తంలో ఉత్తరాలు దించే కౌంటర్లలో 2000 దశకం నుంచి మెర్లిన్ అనే యంత్రాన్ని వాడి, తెచ్చిన కట్టలోంచి నమూనా తీసి గీతలు చదివించేవారు. సరిగ్గా చదవలేకపోతే రాయితీకే ముప్పు.

సాఫ్ట్‌వేర్‌కూ ఇలాంటి గుడ్డి చోటు ఉంది. పూర్తి స్థాయి రాయితీ కావాలంటే ఒకసారి వాడిన నంబరు 45 రోజుల దాకా మరో కవరు మీద రాకూడదు. కంప్యూటర్ రీస్టార్ట్ కాగానే వరస సంఖ్య మళ్లీ ఒకటి నుంచి మొదలైతే ప్రతి గీతా సరైన కొలతలోనే ఉంటుంది, ప్రతి లెక్కా సరిపోతుంది, రెండు కవర్లకు మాత్రం ఒకే పేరు ఉంటుంది. ఈ తప్పు ఏ నమూనా కాగితం మీదా దొరకదు. పరీక్షించేవాళ్ల కంటే రాసేవాళ్లే దీన్ని ముందు గుర్తుపెట్టుకోవాలి.

అమెరికాలో ఈ రకం సాఫ్ట్‌వేర్ రాస్తున్న తెలుగువాళ్లకూ, చిన్న ప్రెస్సులూ మెయిలింగ్ దుకాణాలూ నడుపుతున్నవాళ్లకూ నా విన్నపం ఒకటే. ప్రింటరు మార్చినా, డ్రైవరు మార్చినా, కవరు రంగు మార్చినా పాత సర్టిఫికెట్‌ను నమ్ముకుని వేల కవర్లు అచ్చువేయకండి. ముందు కొన్ని నమూనాలు తీసి తపాలా సంస్థలోని మెయిల్‌పీస్ డిజైన్ అనలిస్టులకు చూపించండి. వాళ్లు కొలిచి తప్పెక్కడుందో చెబుతారు, అందుకు రుసుమేమీ తీసుకోరు.