కనిపించని బరువును తూచిన చుక్క

మే నెల రాత్రి రెండు గంటల ప్రాంతంలో చర్ల, దుమ్ముగూడెం అడవుల అంచున దీపాలు లేని చోట నిలబడి దక్షిణానికి చూస్తే వృశ్చికం తోక, దానికి ఎడమగా ధనుస్సు బాగా పైకి వచ్చి ఉంటాయి. ఆ రెంటి నడుమే పాలపుంత బాగా చిక్కబడుతుంది. మన గెలాక్సీ కేంద్రం ఉన్న దిక్కు అదే. భద్రాచలంలో అది క్షితిజం నుంచి 43 డిగ్రీల ఎత్తుకు చేరుతుంది. ఆ కేంద్రాన్ని ఏళ్ల తరబడి పరిశీలించిన హవాయిలోని కెక్ దూరదర్శినులకు దక్కేది 41 డిగ్రీలే.

అయితే 27 వేల కాంతి సంవత్సరాల దారిలోని ధూళి మామూలు కాంతిని దాదాపు పూర్తిగా మింగేస్తుంది. పరారుణ కాంతి మాత్రం కొంత దాటి వస్తుంది. 1990ల నుంచి రైన్‌హార్డ్ గెంజెల్ బృందం చిలీలో, ఆండ్రియా గెజ్ బృందం హవాయిలో ఆ కాంతిని పట్టుకుని అక్కడి నక్షత్రాల స్థానాలను కొలుస్తూ వచ్చాయి. వాటిలో ఎస్2 అనే నక్షత్రం కంటికందని దేని చుట్టూనో 16 ఏళ్లకోసారి తిరిగొస్తోంది.

కనిపించని ఆ వస్తువు బరువెంత? ఎస్2 కక్ష్య పొడవులో సగం, భూమికీ సూర్యుడికీ మధ్య దూరానికి వెయ్యి రెట్లకు కాస్త ఎక్కువ. కెప్లర్ సూత్రం ప్రకారం ఈ సంఖ్య ఘనాన్ని, తిరిగే కాలపు వర్గంతో భాగించాలి. వెయ్యి ఘనం వంద కోట్లు, 16 వర్గం 256. భాగిస్తే సుమారు 39 లక్షలు. వెయ్యికి బదులు 1,035 వేస్తే 43 లక్షల సూర్యుళ్లు! ఇంటర్ విద్యార్థి కాగితం మీద చేయగల ఈ భాగహారమే గెంజెల్, గెజ్‌లకు 2020లో నోబెల్ తెచ్చిన పనికి గుండెకాయ. అంత ద్రవ్యరాశి అంత ఇరుకు చోట ఇమడాలంటే అది కృష్ణబిలమే కావాలి.

నక్షత్రాల స్థానాలను ఓపికగా కొలిచే పని తెలుగు నేలకు కొత్త కాదు. హైదరాబాద్ నిజామియా వేధశాల ఆకాశంలో ఒక భాగాన్ని ఫోటో పలకల మీద కొలిచి, ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల జాబితాను 1917-1946 మధ్య 12 సంపుటాలుగా వెలువరించింది. చుక్క ఎటు కదిలిందో తేలాలంటే అలాంటి పాత కొలత ఒకటి ఉండి తీరాలి.

2018 మే 19న ఎస్2 కృష్ణబిలానికి 1,800 కోట్ల కిలోమీటర్ల దగ్గరికి వచ్చింది. అప్పుడు దాని వేగం సెకనుకు 7,650 కిలోమీటర్లు. బలమైన గురుత్వాన్ని ఎదిరించి బయటపడిన దాని కాంతి, ఐన్‌స్టీన్ చెప్పినట్టే ఎరుపు వైపు జరిగింది. 2020లో మరో రుజువు దొరికింది. న్యూటన్ లెక్కన ఒంటరి నక్షత్రం గీసే దీర్ఘవృత్తం కదలకుండా నిలవాలి. ఎస్2 కక్ష్య మాత్రం ఒక్కో చుట్టుకు డిగ్రీలో ఐదో వంతు పక్కకు తిరుగుతోంది. 1915లో ఐన్‌స్టీన్ బుధగ్రహం విషయంలో వివరించింది ఈ తిరుగుడునే.

కృష్ణబిలం తన చుట్టూ తాను ఎంత వేగంగా తిరుగుతోందో తేల్చాలంటే ఇంకా దగ్గరగా తిరిగే నక్షత్రాలు కావాలి. ఖగోళ శాస్త్రజ్ఞులు ఇప్పుడు వాటినే వెతుకుతున్నారు. ఎస్2 మళ్లీ కృష్ణబిలం దగ్గరికి వచ్చేది 2034లో.