రంగు పండేది ముందు రోజే

గోరింటాకు పెట్టుకున్న పిల్లలు పొద్దున్నే లేచి చేతులు చూసుకుంటారు. ఎర్రగా ఉంటే ఇంట్లోవాళ్ళు "బాగా పండింది" అంటారు. కాయ పండినట్టే రంగు కూడా పండుతుందని మన భాష చెబుతుంది. నేను డర్బన్‌లో స్ప్రే ట్యాన్ చేస్తాను. నా పని గురించి చెప్పడానికి ఇంతకన్నా సరైన మాట నాకు వేరే భాషలో దొరకలేదు.

స్ప్రే ట్యాన్ అంటే ఒంటికి రంగు పూయడమని చాలామంది అనుకుంటారు. నిజానికి మేము చల్లే ద్రావణంలో డైహైడ్రాక్సీఅసిటోన్ అనే ఒక రకం చక్కెర ఉంటుంది. పొట్టిగా డీహెచ్ఏ అంటాం. చర్మం పైపొరలో చనిపోయిన కణాలు ఉంటాయి. వాటిలోని అమైనో ఆమ్లాలతో డీహెచ్ఏ కలిసినప్పుడు గోధుమరంగు పుడుతుంది. రొట్టె కాలినప్పుడు పైన వచ్చే రంగు కూడా ఇలాంటిదే. 1950లలో అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో ఇవా విట్‌గెన్‌స్టైన్ అనే శాస్త్రవేత్త పిల్లల జబ్బు ఒకదానికి డీహెచ్ఏను మందుగా తాగించి చూస్తున్నారు. అది ఒలికిన చోట పిల్లల చర్మం గోధుమరంగుకు మారడం ఆమె గమనించారు. మా వృత్తికి మూలం అదే.

ఈ రంగు పండటానికి 6 నుంచి 8 గంటలు పడుతుంది. సాధారణంగా 5 నుంచి 7 రోజులు నిలుస్తుంది. పైపొర రాలిపోయేకొద్దీ రంగూ పోతుంది. గోరింటాకు పోయేదీ ఇలాగే. ఇంకో పోలిక కూడా ఉంది. అరచేతిలో చర్మం మందం, అందుకే గోరింటాకు అక్కడ బాగా పండుతుంది. ట్యాన్ కూడా చర్మం మందంగా, పొడిగా ఉన్న చోట ముదురుగా పడుతుంది. గోరింటాకుకు అది అందం. ట్యాన్‌కు మాత్రం అదే మచ్చ. మోచేతులు, మోకాళ్ళు, మడమలు నల్లబడ్డాయని వచ్చే ఫిర్యాదులకు కారణం ఇదే.

అందుకే సగం పని ముందు రోజే అయిపోవాలి. ఆ సగం చేయాల్సింది నేను కాదు, వచ్చేవాళ్ళు. వాళ్ళకు నేను చెప్పేవి ఇవి.

మొదటిది ప్యాచ్ టెస్ట్. చెవి వెనకో, మోచేతి లోపలి వైపో కొంచెం ద్రావణం రాసి, కనీసం ఒక రోజు ఆగి చూడాలి. దురదో, మంటో, ఎర్రదనమో వస్తే ఆ ద్రావణం వాడం. గర్భిణులను, ఉబ్బసం ఉన్నవాళ్ళను ముందు డాక్టరును అడిగి రమ్మంటాను.

రెండోది వ్యాక్సింగ్, షేవింగ్. వీటిని కనీసం 24 గంటల ముందే ముగించాలి. అదే రోజు చేసుకుంటే రోమకూపాల్లో రంగు చేరి కాళ్ళ నిండా నల్లచుక్కలు కనిపిస్తాయి.

మూడోది ఒళ్ళు రుద్దుకోవడం. ఇక్కడ మన అమ్మమ్మల నలుగు గుర్తు చేసుకోండి. నూనె రాసి, పిండితో ఒళ్ళంతా నలిచి స్నానం చేయించడాన్ని నలుగు పెట్టడం అంటారు. పైన ఉన్న పొడి చర్మాన్ని పోగొట్టడానికి అది చక్కని పద్ధతి. ట్యాన్ కోసం అయితే రెండు మార్పులు కావాలి. పిండిలో పసుపు కలపకూడదు. నూనె కూడా వద్దు, ఎందుకంటే ఒంటి మీద మిగిలిన జిడ్డు ద్రావణాన్ని లోపలికి పోనివ్వదు.

ఇక ట్యాన్ రోజున లోషన్, సెంటు, డియోడరెంట్, మేకప్ ఏవీ వద్దు. వదులుగా ఉన్న ముదురురంగు బట్టలు, చెప్పులు వేసుకుని రావాలి. బిగుతు బట్టలు ఒరుసుకున్న చోట గీతలు పడతాయి.

గదిలో నా పని మొదలవుతుంది. అరచేతులకు, గోళ్ళకు, మోచేతులకు, మోకాళ్ళకు, మడమలకు పలచగా బారియర్ క్రీము రాస్తాను. అది రంగుకు అడ్డుపడుతుంది. కళ్ళు మూసుకోమంటాను. ముక్కుకు ఫిల్టర్, పెదవులకు బామ్ ఇస్తాను. డీహెచ్ఏ పైచర్మానికే గానీ కళ్ళలోకి, ఊపిరితిత్తుల్లోకి వెళ్ళడానికి కాదు. అందుకే గాలిని బయటికి లాగే ఫ్యాన్ తిరుగుతూనే ఉండాలి.

డర్బన్ ఎండాకాలం ఎంత ఉక్కగా ఉంటుందో మీకు తెలుసు. డిసెంబరులో మధ్యాహ్నం ట్యాన్ చేయించుకుని బయటికి వెళ్తే, రంగు పండేలోపే చెమట దాని మీద దారులు గీస్తుంది. అందుకని ఆ నెలల్లో సాయంత్రం వేళే రమ్మంటాను. రాత్రి ఫ్యాన్ కింద పడుకుని, పొద్దున్నే ఒళ్ళు కడుక్కుంటే చాలు.

ఇంత చెప్పినా ఫిర్యాదులు వస్తాయి. ఎక్కువగా వినేది "రంగంతా నీళ్ళలో పోయింది" అన్న మాట. ద్రావణం ఎక్కడ పడిందో మాకు కనబడాలి కదా, అందుకని దానిలో పైపై రంగు ఒకటి కలిపి ఉంటుంది. మొదటి స్నానంలో పోయేది అదే. అసలు రంగు చర్మంలోనే ఉంటుంది. ఈ మాట ముందే చెబితే సగం ఫోన్లు తగ్గుతాయి.

మిగిలిన ఫిర్యాదుల్లో చర్మమే సాక్ష్యం చెబుతుంది. మోచేతి మడతలో చారలుంటే చెమట. కాళ్ళ మీద చుక్కలుంటే అదే రోజు చేసిన షేవింగ్. వీపు మీద తిన్నగా ఒక పట్టీ వదిలేసి ఉంటే అది చల్లినవాళ్ళ లోపం. మోకాళ్ళు నల్లబడితే క్రీము సరిగ్గా రాయలేదేమో చూడాలి. కాబట్టి "ఫోటో పంపండి, వీలైతే ఒకసారి రండి" అనడమే మొదటి జవాబు. "మీరే ఏదో చేసి ఉంటారు" అన్నామంటే అక్కడితో మాట తెగిపోతుంది.

వదిలేసిన చోటును మళ్ళీ చల్లి సరిచేయవచ్చు. ముదురుగా పడిన చోట నూనె రాసి, కాసేపు నానబెట్టి, గోరువెచ్చని నీళ్ళతో మెత్తని గుడ్డ పెట్టి రుద్దాలి. ఒళ్ళంతా మచ్చలు మచ్చలుగా ఉంటే దాని మీద మళ్ళీ చల్లకూడదు. ముందు ఉన్నది పోవాలి. లోపం మాదైతే చట్టం కూడా ఒక దారి చూపుతుంది. దక్షిణాఫ్రికాలో 2008 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, సేవలో లోపం ఉంటే దాన్ని సరిచేయమని గానీ, ధరలో తగినంత భాగం తిరిగి ఇవ్వమని గానీ అడిగే హక్కు వినియోగదారుకు ఉంది.

ఒక ఫిర్యాదు మాత్రం నాకు బాగా గుర్తుంది. మన తెలుగువాళ్ళ అమ్మాయే. రెండు చేతుల మీదా బొల్లి మచ్చలు. బొల్లి అంటే చర్మంలో అక్కడక్కడ సహజమైన రంగు పోయి తెల్లబడటం. అది అంటుకునే జబ్బు కాదు. డీహెచ్ఏకు ఆ సహజమైన రంగుతో పని లేదు కాబట్టి తెల్లమచ్చల మీద కూడా రంగు పండుతుంది. అక్క పెళ్ళికని వచ్చి చేయించుకుంది. నాలుగో రోజు ఫోన్ చేసింది.

"అక్కా, మూడో రోజుకే చేతులు తెల్లబడ్డాయి. ఫోటోలన్నిటిలో నా చేతులే కనిపిస్తున్నాయి."

చేతుల మీద రంగు త్వరగా పోతుందని కార్డు మీద రాసి ఉంది. కింద ఆమె సంతకమూ ఉంది. అది చూపిస్తే వాదనలో నేనే గెలిచేదాన్ని. కానీ ఆ అమ్మాయి మళ్ళీ ఎవరి దగ్గరికీ వెళ్ళి చేతులు చాపేది కాదు. అందుకని పెళ్ళింట్లో ఏమేం పని చేసిందని అడిగాను. మూడు రోజులూ గిన్నెలు తోమిందట. సబ్బు నీళ్ళలో నానితే ఏ రంగైనా పోతుంది. ఆమెను పిలిచి, చిన్న బ్రష్‌తో మచ్చ వరకే, అంచు దాటకుండా రాసుకోవడం నేర్పాను. ఇప్పుడు తనకు కావలసినప్పుడు తనే రాసుకుంటుంది. ఈ మధ్య కొన్నిసార్లు రాసుకోకుండానే గుడికి వస్తోంది.

మన పిల్లలు అడిగే ప్రశ్న ఇంకొకటి ఉంది. "తెల్లగా చేసే స్ప్రే ఉందా?" లేదు. డీహెచ్ఏ రంగును పెంచుతుంది గానీ తగ్గించలేదు. తెల్లబరిచే క్రీముల జోలికి పోవద్దని కూడా చెబుతాను. హైడ్రోక్వినోన్ కలిసిన అలాంటి క్రీములు చర్మాన్ని శాశ్వతంగా పాడుచేస్తాయని తెలిసి, 1990ల తొలినాళ్ళలోనే ఈ దేశం వాటిని నిషేధించింది. దొంగచాటుగా ఇప్పటికీ అమ్ముతున్నారు. 1860 నుంచి ఓడల్లో నేటాల్‌కు వచ్చిన మనవాళ్ళు చెరకు తోటల్లో ఎండకు కమిలారు. వాళ్ళ నుంచి మనకు వచ్చిన గోధుమరంగు కోసమే ఇవాళ నా గదిలో జనం డబ్బు కడుతున్నారు. ఆ మాట ఆ పిల్లలకు చెప్పి అద్దం ముందు నిలబెడతాను.

చివరిగా రెండు మాటలు. ట్యాన్ ఉంది కదా అని సన్‌స్క్రీన్ లేకుండా బీచ్‌కు వెళ్ళకండి. ఈ రంగు ఎండను ఆపదు. వేడుక శనివారమైతే గురువారం సాయంత్రం ట్యాన్ చేయించుకోండి. శుక్రవారం పొద్దున పైరంగు కడిగేస్తే, శనివారానికి అసలు రంగు కుదురుకుంటుంది. ఒళ్ళు రుద్దుకోవడం మాత్రం బుధవారమే.