మేడమ్‌... వినిపిస్తోందా?

‘మేడమ్‌... వినిపించట్లేదు!’, ‘మ్యూట్‌ తియ్యి నాన్నా!’, ‘నెట్‌ పోయింది మేడమ్‌!’...

2020లో చాలా ఇళ్లలో పొద్దున్నే వినిపించిన మాటలివి. హైదరాబాద్‌లోని కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్‌ అంటేనే కోచింగ్‌ సెంటర్ల బోర్డులు, పుస్తకాల సంచులతో పిల్లలు, స్కూలు ఆటోల సందడి. ఆ ఏడాది మార్చిలో కరోనా దెబ్బకు అదంతా ఒక్కసారిగా ఆగిపోయింది. బడి నట్టింట్లోకి వచ్చింది.

టీవీయే టీచరు!

ప్రైవేటు స్కూళ్లు ఫోన్లలో పాఠాలు మొదలుపెట్టాయి. సర్కారు బడుల పిల్లలకు సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్‌ యాదగిరి, టీశాట్‌ ఛానళ్లలో పాఠాలు వచ్చాయి. టీవీ అయితే నెట్‌ ఖర్చుండదు, మంచిదే. కానీ అర్థంకాక చెయ్యెత్తితే టీవీలోని టీచరుకు కనిపించదు కదా! భాగహారం బుర్రకెక్కినా ఎక్కకపోయినా పాఠం మాత్రం సాగిపోతుంది.

ఫోన్ల కథ ఇంకోటి. ఇంట్లో ఉన్నది ఒక్క స్మార్ట్‌ఫోను, చదివేది ఇద్దరు. అక్కకు లెక్కల క్లాసు, తమ్ముడికి తెలుగు క్లాసు... రెండూ ఒకే సమయానికి! నాన్న ఫోను పట్టుకుని పనికెళితే పాఠమూ ఆయన వెంటే వెళ్లిపోయేది.

లాభం అసలే లేదా అంటే, ఉంది. క్లాసులో నోరు విప్పని పిల్లలు కొందరు సందేహాల్ని టైపు చేసి అడిగారు. అర్థంకాని పాఠాన్ని యూట్యూబ్‌లో మళ్లీ మళ్లీ చూసుకున్నారు.

తరగతి గదిలో మాత్రం టీచరు బోర్డుమీద రాస్తూనే వెనక బెంచీ మీద ఓ కన్నేసి ఉంచుతారు. బిక్కమొహం కనిపిస్తే మళ్లీ మొదట్నుంచీ చెబుతారు. అప్పటికీ తెలియకపోతే పక్కనున్న నేస్తం ఉండనే ఉంది. తెరమీది చదువులో కరవైంది అదే.

రాయకుండానే పాస్‌

2020లో తెలంగాణలో పదోతరగతి పరీక్షలు మూడు పేపర్లతోనే ఆగి, చివరికి రద్దయ్యాయి. ఐదు లక్షల ముప్ఫై నాలుగు వేలమందికి పైగా పాసైపోయారు. 2021లోనూ అంతే. 2021 ఫిబ్రవరిలో పెద్ద తరగతులకు బడులు తెరిచినా మార్చిలో మళ్లీ మూతపడ్డాయి. తలుపులు మళ్లీ తెరుచుకున్నది ఆ సెప్టెంబరు 1న.

అసలు నష్టం చిన్నారులది. గ్రామీణ భారతంలో ‘అసర్‌’ సర్వే చూస్తే- రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 2018లో 27.3 శాతం, 2022లో 20.5 శాతమే! అందుకే 2022 ఆగస్టులో తెలంగాణ ప్రభుత్వం ఒకటి నుంచి ఐదు తరగతులకు ‘తొలిమెట్టు’ పేరుతో చదవడం, రాయడం, లెక్కల్ని మళ్లీ మొదట్నుంచీ మొదలుపెట్టింది.

అప్పుడు ఫోను ముందు కూర్చుని అక్షరాలు దిద్దిన పిల్లలు ఇప్పుడు హైస్కూల్లో ఉన్నారు. వాళ్లలో ఎవరైనా ఎక్కాల దగ్గరో, వాక్యం చదవడంలోనో తడబడితే ‘ఇంత చిన్నదీ రాదా?’ అని కసరకండి. ఆ మెట్టు వాళ్లు ఎక్కలేదేమో! పక్కన కూర్చుని, మొహంలోకి చూస్తూ, ‘ఎక్కడ అర్థం కాలేదు నాన్నా?’ అని అడిగి చూడండి. అప్పట్లో వాళ్లకు దొరకనిది ఆ ప్రశ్నే.