భీమునిపట్టణము - నాడు, నేడు

విశాఖపట్టణమునుండి సముద్రపుటొడ్డు వెంబడి ఈశాన్యముగా సుమారు 25 కిలోమీటరులు పోయినచో, గోస్తనీనది సాగరమున గలియుచోట భీమునిపట్టణము కలదు. జనులు వాడుకగా భీమిలి యందురు. సెలవుదినములందు ఈ చిన్న పట్టణమును చూడవచ్చువారు లెక్కకు మిక్కిలి. వారు డచ్చివారి సమాధులను, దీపస్తంభమును, గడియారస్తంభమును చూచి, ఇసుకలో కొంతసేపు గూర్చుండి, చీకటిపడకమునుపే తిరిగిపోవుదురు. పోవుచు పోవుచు త్రోవలో నొక ప్లాటునకు బేరమాడి పోవువారును గలరు. ఈ వ్యాసము ఆ ప్లాటును గూర్చినది.

భాగ్యము ఈ యూరికి క్రొత్త కాదు. వలందావారని మన పెద్దలు పిలిచిన డచ్చివర్తకులు 17వ శతాబ్దముననే ఇచట స్థావర మేర్పరచుకొనిరి. 1825లో ఈ రేవు ఇంగ్లీషువారి వశమైనది. ఆ శతాబ్దమున భీమిలి ఉత్తరసర్కారులలో పేరుపడిన రేవులలో నొకటి. ఓడలు ఒడ్డునకు దూరముగా లంగరు వేసి నిలుచుచుండెను. సరకును మసూలాపడవలపై నెక్కించి, కెరటములు దాటించి, ఓడలకు చేర్చుచుండిరి. నువ్వులు, కరక్కాయలు, గోగునార ఇచటినుండి విదేశములకు పోయెడివి. మన గోగునారకు అంతర్జాతీయ వర్తకమున 'బిమ్లిపటం జ్యూటు' అను పేరే స్థిరపడినది. తోళ్లు పదునుచేయువారు కరక్కాయలలో నొక రకమును 'బిమ్లీలు' అనుచుండిరి. చేను పేరు, రైతు పేరు మరుగుపడి రేవు పేరు నిలుచుట వర్తకమున సహజమే కాబోలు! ఈ బలిమితోనే 1861లో ఇచట పురపాలకసంఘ మేర్పడినది. దేశమున అతిప్రాచీనములైన పురపాలకసంఘములలో నిది యొకటి. అనగా, తన వీథిదీపము, తన నూయి, తన పన్ను తానే విచారించుకొనుట ఈ యూరు అనేక మహానగరములకంటె ముందే నేర్చినది.

ఆ భాగ్యము ఎట్లు వచ్చినదో అట్లే పోయినది. 1890 దశకమున తూర్పుతీరపు రైలుమార్గము పడినపుడు అది భీమిలికి రాక విజయనగరముమీదుగా పోయినది. సరకు రైలు వెంట నడచినది. 1933లో విశాఖపట్టణమున లోపలిరేవు తెరచిరి. కొండ చాటున ఓడ గట్టు నానుకొని నిలువగలుగుచుండగా, కెరటములతో పోరాడు మసూలాపడవతో ఎవరికి పని? గిడ్డంగులు పాడువడినవి; వర్తకులు ఒక్కొక్కరే తరలిపోయిరి. చెంతనున్న చిట్టివలస జనపనార మిల్లు మాత్రము బహుకాలము కూలినాలి జనమునకు అన్నము పెట్టి, అదియు 2009లో మూతపడినది.

విశాఖరేవును నిందించుట మా యుద్దేశము కాదు. ఆ రేవు దేశమునకు కావలసియుండెను. మేము చెప్పదలచిన దేమనగా, రైలు ఎటు పోవలెనో, రేవు ఎచట త్రవ్వవలెనో అను నిర్ణయములు భీమిలిలో జరిగినవి కావు. అన్యత్ర జరిగిన నిర్ణయముచేత అప్పు డీ యూరు విడువబడినది. ఇప్పుడు అన్యత్ర జరుగుచున్న నిర్ణయములచేత చుట్టుముట్టబడుచున్నది. ఈ రెండు సంగతులకును గల పోలికను మన పెద్దమనుష్యులు గమనింపకుండుటయే ఆశ్చర్యకరముగా నున్నది.

నగరము ఉత్తరముగా పెరుగుచు ఋషికొండ దాటినది. ఒడ్డువెంట పడిన రోడ్డునకు ఇరువైపుల సరుగుడుతోటలు, జీడిమామిడితోటలు లేఅవుటులైనవి. 2023 మే నెలలో భోగాపురమున విమానాశ్రయ నిర్మాణమునకు శంకుస్థాపన జరిగినది. విశాఖనుండి అచటికి తీరమువెంబడి ఆరువరుసల రోడ్డు వేయవలెనను ప్రతిపాదనయు వచ్చినది. రోడ్డు వలదనువాడు భీమిలిలో లేడు. ప్రసవవేదన పడు స్త్రీని నగరపు ఆసుపత్రికి చేర్చునది ఆ రోడ్డే. తెల్లవారుజామున పట్టిన చేపను ఎండ ముదురకమునుపే సంతకు చేర్చునదియు ఆ రోడ్డే. జాలరి కొడుకు కంప్యూటరు ఉద్యోగమునకు పోవుచున్నాడనిన మనకు సంతోషమే. అయినను, రోడ్డు తనవెంట తెచ్చువానిలో ఏది ఉండవలెను, ఏది కూడదు అని చెప్పు నోరు ఎవరిది?

1861 నాటి నోరు ఇప్పుడు లేదు. 2005లో మహావిశాఖ నగరపాలకసంస్థ యేర్పడినది. 2013లో భీమిలి పురపాలకసంఘమును దానియందు విలీనము చేయుచు ప్రభుత్వ ముత్తరువు వెలువరించినది. 2021 మార్చిలో ఎన్నికలు జరిగినపుడు, 98 వార్డుల మహాసభలో భీమిలివారి పాలు వ్రేళ్లపై లెక్కింపదగినంత మాత్రమే. పెద్దసంస్థకు పెద్ద ఆదాయము, నిపుణులైన యింజనీర్లు కలరనుట నిజము. కాని తన యొడ్డును గూర్చి తనలో తాను వాదులాడుకొనుటకు ఊరికి ఒక సభయుండుట వేరు, నగరసభలో అర్జీదారుగా నిలువబడుట వేరు. వంద సంవత్సరములకు పైబడి ఇచట వాదులాడినవా రందరు మహానుభావులని మేము చెప్పలేము. తప్పులు చేసియుందురు. ఆ తప్పులు వీథిలో నడచుచు అడుగదగినవి. అడిగినవారికి వారు సమాధానము చెప్పక తప్పెడిది కాదు.

ఒడ్డు విషయమున ఈ నోరు ఎందులకు ముఖ్యమో వివరింతుము. మన తూర్పుతీరమున ఇసుక నిలుకడ గలది కాదు. నైరుతిగాలుల కాలమున కెరటములు దానిని దక్షిణమునుండి ఉత్తరమునకు నడపును. ఈశాన్యపు గాలులు కొంత వెనుకకు తెచ్చును. మొత్తముమీద ఉత్తరమునకు పోవునదే యధికము. నడుమ నొక గోడ కట్టినచో దక్షిణపువైపు మేటవేయును, ఉత్తరపువైపు కోతపడును. విశాఖరేవు కట్టినవా రీ సంగతి మొదటనే యెరుగుదురు. రేవు ముఖమున ఇసుక పూడకుండ రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టగా నిలిపిరి. 1970 దశకమున వెలిరేవునకై పొడవైన రాతిగోడలు కట్టిరి. ఇప్పుడు నగరపు రామకృష్ణా బీచి కోతపడుచుండగా, రేవులో త్రవ్వితీసిన ఇసుకను అచట పోయింపవలసి వచ్చుచున్నది. మహానగరము తన యొడ్డున ఇసుక పోయించుకొనగలదు. చిన్న యూరి యొడ్డున పోయువా రెవరు? ఇసుకమీద కట్టిన ప్రహరీగోడయు కెరటమునకు గోడయే యగును; దానిచేత కలుగు కోతయు ఇరుగుపొరుగుల వంతు.

భీమిలికి దాపున నున్న ఎర్రమట్టిదిబ్బలను చదువరులలో పెక్కుమంది సినిమాలలోనైన చూచియుందురు. వేలకొలది సంవత్సరములు గాలి, వాన, సముద్రపు హెచ్చుతగ్గులు కలిసి చేసిన వింత యది. ఇసుకరేణువులకు ఇనుపతుప్పు పట్టి ఎర్రబారగా, వానలు వానిని లోతైన కనుమలుగా చీల్చినవి. దీనికి సాటివచ్చు నేలలు తమిళదేశమున, సింహళమున తప్ప ఈ ప్రాంతములందు కానరావు. భూగర్భశాస్త్రజ్ఞులు జాతీయవారసత్వముగా గుర్తించిన ఈ దిబ్బల చెంత 2024 జూలైలో యంత్రములతో నేల చదునుచేయుట బయటపడి అలజడి చెలరేగిన పిమ్మట పనులు నిలిచినవి. 2025 సెప్టెంబరులో ఈ దిబ్బలు యునెస్కోవారి తాత్కాలిక జాబితా కెక్కినవి. చదునుయంత్రము ఒక దినమున చేయు పనిని తిరిగి సరిదిద్దుటకు ఎన్ని వేల యేండ్లు పట్టునో మా కంటె ఆ శాస్త్రజ్ఞులు బాగుగా చెప్పగలరు.

దిబ్బలకు కీర్తి యున్నది గనుక కేకవేయువారు దొరికిరి. జాలరిపేట ముందరి యిసుకకు కీర్తి లేదు. అచట తెప్పలు, పడవలు గట్టెక్కింతురు, వలలు పరచి తెగిన కన్నులు కుట్టుదురు, ఆడువారు చేపలెండబెట్టుదురు, తీరమునుండి లాగు పెద్దవలకు ఇరుప్రక్కల ఖాళీ యొడ్డు కావలెను. ఆ యిసుకకు పట్టా లేదు, సర్వేరాయి లేదు. తాతముత్తాతలనాటి యలవాటే దస్తావేజు. పట్టాగల రైతునకు తన యెకరమునకు వెల వచ్చినది. ఆ సొమ్ముతో బిడ్డల చదువులు, పెండ్లిండ్లు జరిగినవి. ఆ వెలకు కారణము సముద్రము కనబడుటయే గదా! ఆ సముద్రమునొద్ద బ్రదుకువానికి మాత్రము అందులో దమ్మిడీ చేరలేదు. పైగా విశ్రాంతిగృహమునకు కంచె పడిననాడు, పడవ నిలుపుటకు వాడు అరమైలు చుట్టుతిరుగవలెను. ఎండుచేపల వాసన అతిథులకు సరిపడదనుటకూడ వినవచ్చును.

చట్టము లేకపోలేదు. 1991 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము తీరప్రాంత నియంత్రణ ప్రకటనను వెలువరించి, పెద్దపోటునాడు నీరుచేరు గీతనుండి 500 మీటరులవరకు కట్టడములకు నియమములు పెట్టినది. పల్లెసీమలలో మొదటి 200 మీటరులలో క్రొత్త కట్టడములు కూడదనుట అందలి సామాన్యనియమము. 2019 ప్రకటన, జనము దట్టముగా నున్న పల్లెలకు ఆ 200ను 50కి కుదించినది. పట్టణపుటెల్లలలో ఇండ్లు నిండిన భాగమునకు నియమము మరియొకటి. ఏ తునక ఏ తరగతిలో పడునో పటములో గీచిన గీత తేల్చును. కావున నేడు భీమిలి భవిష్యత్తు ఆ పటములో నున్నది.

ఆ పటము గీచునపుడు ప్రజల యభిప్రాయము వినవలెనని ప్రకటనలే చెప్పుచున్నవి. 2011 నాటి ప్రకటన ఇంకొక మాటయు చెప్పినది: జాలరిపల్లెలను, వారి ఉమ్మడి తావులను, చేపలెండబెట్టు చోట్లను భూమిసర్వే కొలతతో పటములందు చూపవలెను. పట్టాలేని యిసుకకు ఇంతకంటె దగ్గరి దస్తావేజు మరియొకటి లేదు. అట్టి పటమును తెలుగు అక్షరములతో, సర్వేనంబరులతో, ఒకటి భీమిలిలో ప్రజలు మసలుచోటను, ఒకటి జాలరిపేట రామమందిరపు గోడమీదను వ్రేలాడదీయింపవలెనని భీమిలి వార్డుల ప్రతినిధులు నగరసభలో తీర్మానము తేవలెను. భూస్వాములైన మన చదువరులు తమ నంబరు వెదకికొనుటకు ఎటులైనను అచటికి పోవుదురు. పోయినపుడు, తమ నంబరునకు తూర్పున సముద్రమువరకు గల ఖాళీ జాగాలో ఏమి వ్రాసియున్నదో కూడ చదివి, ఏమియు వ్రాసియుండనిచో ఆ గోడయొద్దనే నిలిచి ఎందువలననని యడుగవలెను.