అంగడి దినము

ఒకే మాట ఒక్కొక్క సీమలో ఒక్కొక్క అర్థమున చెల్లుట కలదు. అంగడి యన్నచో కోస్తా జిల్లాలవారు దుకాణమని తలంతురు. తెలంగాణమున అంగడి యనగా వారమున కొకనాడు ఊరిలో కూడు సంత. "నేడు అంగడి" అని తల్లి చెప్పినచో, ఇంటికి కూరగాయలు వచ్చుననియు, వానితో పాటు పిల్లలకు తినుబండారముల పొట్లము వచ్చుననియు అర్థము. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల పట్టణముల నడుమ నున్న కథలాపూరు ప్రాంతపు పల్లెలలో పుట్టిన పిల్లలకు ఈ మాట యెంత తీయనిదో చెప్పనక్కరలేదు.

అంగడి ప్రతిదినము ఏల జరుగదు? ఒక పల్లెలో గాజులు, గిన్నెలు, చీరలు ప్రతిదినము కొనువారుండరు. అచ్చట దుకాణము తెరచి కూర్చున్న వర్తకునకు అద్దె డబ్బులైనను రావు. ఆ వర్తకుడే నేడొక ఊరికి, రేపొక ఊరికి పోయినచో ఆరేడు పల్లెలు కలిసి అతనికి ఒక చిన్న పట్టణమంత బేరము నిచ్చును. అందుచేతనే ఇరుగుపొరుగు ఊళ్ల అంగడి దినములు సాధారణముగ ఒకటి కావు. అంగడి స్థలమునకు గ్రామపంచాయతి తైబజారు అను రుసుము విధించును. ఆ వసూలు హక్కును పెక్కుచోట్ల వేలము వేయుదురు.

ఈ ప్రాంతమున వరి, మక్కజొన్న, పసుపు ముఖ్యమైన పంటలు. వానిని అంగడిలో వెదకినవారికి నిరాశయే మిగులును. పసుపు కొమ్ములను ఉడికించి, ఎండబెట్టి, మెరుగుపెట్టి, బస్తాల కెత్తి నిజామాబాదు వంటి పెద్ద మార్కెట్లకు పంపుదురు. ఆ సొమ్ము సంవత్సరమున కొకసారి వచ్చును. వచ్చుటకు ముందే ఎరువుల బాకీకి కొంత, అప్పునకు కొంత లెక్క కట్టబడియుండును. అంగడికి వచ్చునది వేరు. పెరటిలో కాచిన బీర, సొర, చిక్కుడు. చెలక గట్టున పెంచిన పుంటికూర. నాలుగు కోడిగ్రుడ్లు, ఒక కోడిపుంజు. వీనిని గంపలో పెట్టుకొని వచ్చు స్త్రీకి గద్దె లేదు, పెట్టుబడి లేదు. నేలపై పరచిన గోనెపట్టయే ఆమె దుకాణము. కాని ప్రొద్దుగ్రుంకువరకు ఆమె చేతికి నగదు వచ్చును. బ్రతుకుదెరువునకై పురుషులు పెక్కుమంది గల్ఫు దేశములకు పోయిన ఈ ప్రాంతమున, బీడీలు చుట్టియు, కూరలు అమ్మియు సంసారము నడుపు స్త్రీలు కలరు. వారికి ఆ వారపు నగదే ఉప్పు, నూనె, బిడ్డల నోటుపుస్తకములు.

కొనుటలోను ఒక నేర్పు కలదు. అనుభవము గలవారు సంచి తెరువకయే అంగడి నంతటిని ఒకసారి చుట్టివత్తురు. నాలుగుచోట్ల ధర విని ఆ పిమ్మట బేరమునకు దిగుదురు. బెండకాయ కొన విరిచి లేతదో ముదురుదో చూచుట కూడ వారి పద్ధతులలో నొకటి. అమ్మువారికి మాత్రము ఈ పరీక్ష నచ్చదు. బేరము కుదిరిన పిదప కొసరు అడుగుదురు. తూకమునకు మించి వేయు రెండు మిరపకాయలకు, ఒక కరివేపాకు రెబ్బకు వెల లేదు. వచ్చువారము కూడ నా యొద్దకే రమ్మను పిలుపది.

తూకము సంగతి కొంత వివరముగ చెప్పవలసియున్నది. పూర్వము గింజలను మానిక, తవ్వ, సోల, గిద్దెలతో కొలిచెడివారు. బరువునకు శేరు ఉండెడిది గాని, అది అన్ని ప్రాంతములలో ఒకే బరువు కాదు. 1956 లో పార్లమెంటు తూనికలు, కొలతల ప్రమాణముల చట్టమును చేసినది. 1958 నుండి కిలోగ్రాము క్రమముగ వాడుకలోనికి వచ్చినది. అయినను పాత లెక్కను నాలుక అంత త్వరగ విడువదు; 125 గ్రాముల మిరపకాయలను నేటికిని అద్దపావు అనియే అడుగువారు పెక్కుమంది. నేడు 2009 నాటి చట్టము ననుసరించి తూకపురాళ్లకును కాటాలకును తనిఖీ ముద్ర యుండవలెను. బండరాయిని తూకపురాయిగా వాడరాదు. తక్కెడ యైనచో సరకు వేయుటకు ముందు దాని ముల్లు నడుమ నిలిచినదా, ఎలక్ట్రానిక్ కాటా యైనచో సున్న చూపుచున్నదా అని చూడవలెను. ఈ జాగ్రత్త కొనువారికి మాత్రమే కాదు. కందులనో, కోడినో వర్తకున కమ్మునపుడు పల్లె స్త్రీ ముందున్నది అతని కాటాయే. చదువు వచ్చిన పిల్లవాడు ప్రక్కన నిలిచి అంకెను పైకి చదివినచో ఆమె నష్టపోదు.

ఇక తిండి సంగతి. అంగడిలో ఒక మూల కడాయి క్రింద మంట రాజుకొనగానే జనము అటు మరలుదురు. లావుపాటి మిరపకాయను చీల్చి, వాము, ఉప్పు కూరి, శనగపిండిలో ముంచి నూనెలో వేయుదురు. వేడి బజ్జీపై ఉల్లిపాయ తరుగు చల్లి కాగితములో పెట్టి ఇత్తురు. వానకాలమున లేత మక్కలను రుబ్బి గారెలు వండుదురు. పేలాలు, పుట్నాలు, అటుకుల చుడువ ఇంటికి కొనిపోవుటకు. నూనె నల్లబడి పొగలు గ్రక్కుచున్నచో ఆ కడాయిని విడిచి ముందుకు సాగుట మేలు. ఒక వింత చెప్పెదను. మిరపయు, మక్కజొన్నయు అమెరికా ఖండమున పుట్టిన మొక్కలు. పోర్చుగీసువారి ఓడలు రాకమునుపు మనవారికి కారమనగా మిరియములే. ఎంతో పాతదిగ తోచు అంగడి బజ్జీలోని మిరప మనకు క్రొత్తచుట్టమే.

కొన్న చోటనే తినుట మన అంగడికే చెల్లినది కాదు. మనవలెనే వరి పండించు వియత్నాము దేశపు దక్షిణమున మేకాంగు నది పెక్కు పాయలుగ చీలి సముద్రమున కలియును. అచ్చట బాటలు నీటివి గనుక అంగళ్లు పడవలపై కూడుట ఆచారమైనది. కన్ థో నగర సమీపమున నున్న కాయ్ రాంగ్ అంగడి వానిలో ప్రసిద్ధమైనది. ఏ పడవలో ఏమున్నదో దూరమునుండి తెలియుటకై అమ్మువారు పొడవైన వెదురుగడ నిలిపి, దాని కొనకు గుమ్మడికాయనో అనాసపండునో వ్రేలాడగట్టుదురు. నామఫలకముతో పని లేదు. బియ్యపుపిండితో చేసిన సేమియాను వేడి చారులో వేసి అందించువారు చిన్న పడవలలో పొయ్యి పెట్టుకొని ఆ నడుమనే తిరుగుదురు. రహదారులు, వంతెనలు పెరిగిన కొలది సరకు లారీలలో పోవుచున్నది. అక్కడి పడవలు తగ్గుచున్నవి.

మన అంగడికిని పట్టణపు దుకాణములతో పోటీ తప్పలేదు. ఆటో ఎక్కినచో కోరుట్ల ఎంతో దూరము కాదు. అయినను అంగడి క్రొత్తదానిని నేర్చుకొనుచున్నది. 2016 లో వచ్చిన యు.పి.ఐ. పద్ధతి పల్లె అంగళ్లకు కూడ చేరినది. ఫోనుతో చెల్లించుటకు ముద్రించిన చీటి నేడు కూరల గంపకును అంటుకొనియుండును.

సంధ్యవేళకు ధరలు దిగును. ఆకుకూర రేపటికి నిలువదు. ఉదయము ఇరువది రూపాయలు పలికిన కుప్ప దీపాలవేళకు పదింటికే వచ్చుట కలదు. కూలి ముగించుకొని వచ్చువారు ఆ వేళకే అంగడి చేరుదురు. అమ్ము నామెకు నష్టము, కొను నామెకు లాభము. తరచుగ ఇద్దరును కూలివారే. వాన కురిసిననాడు నష్టము మొత్తముగ గంపదే. రుసుము తీసికొనునపుడు పైన కప్పును, త్రాగునీటిని, మరుగుదొడ్డిని ఏర్పాటు చేయుట న్యాయము. లేనిచోట వానిని అడుగుటయు న్యాయమే.

చీకటి పడగానే గాజులవారు, గిన్నెలవారు సరకును బండి కెత్తుదురు. రేపు మరియొక ఊరిలో అంగడి.